పప్పు డబ్బాలో బోరిక్ పౌడరా?

ప్రశ్న: మా అత్తయ్యగారు ఏడాదికి సరిపడా కందిపప్పు తీసుకుని, పురుగు పట్టకుండా మందులషాపు నుంచి తెప్పించిన బోరిక్ పౌడర్ కలిపి డబ్బాకెత్తుతారు. కడిగే వండుతాం కదా, ఏం కాదంటారు. నిజమేనా? ఇంకోటి, అదే షాపులో కె.ఎం.ఎస్. పొడి కొని, నిల్వ ఉండాలని ద్రాక్ష స్క్వాష్‌లో వేస్తే రంగంతా పాలిపోయింది. మందు పాతదా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అత్తయ్యగారితో గొడవ పెట్టుకోమనను గానీ, ఆ అలవాటు మాత్రం మాన్పించండి. బోరిక్ పౌడర్ అంటే మనం గోధుమపిండి, పంచదారతో ఉండలు చేసి సింకు కింద బొద్దింకలకు పెట్టేదేనండీ. కడిగితే చాలావరకు పోతుంది, నిజమే, కానీ ఎంత పోయిందో ఎంత మిగిలిందో ఎవరు చూశారు, అందులోనూ పసిపిల్లలకు పప్పుకట్టు పెట్టే ఇల్లయితే అసలే వద్దు. ఒకప్పుడు బ్రిటన్‌లో వెన్న నిల్వకు కూడా ఇదే కలిపేవారు, 1925 నాటి నిబంధనలతో మాన్పించారు. పప్పు బాగా ఎండబెట్టి, చల్లారాక కాస్త ఆముదం పట్టించి, గాలి చొరని డబ్బాలో పోయండి. అయినా ఏడాది సరుకు ఒకేసారి ఎందుకు, కొట్టు వీధి చివరే ఉందిగా!

ఈ సందర్భంలోనే ఒక మాట. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు బియ్యంలో వేసుకోమని ఎవరైనా ఇస్తే ఇంట్లోకి రానివ్వకండి. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది.

ఇక స్క్వాష్. మందు పాతది కాదు, బాగా పనిచేసింది కాబట్టే రంగు పోయింది. కె.ఎం.ఎస్. అంటే పొటాషియం మెటాబైసల్ఫైట్, దాన్నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ద్రాక్ష, నేరేడు లాంటి ఎరుపు, ఊదా రంగుల్ని వెలిసిపోయేలా చేస్తుంది. అది నిమ్మకీ బత్తాయికీ మామిడికీ వాడుకోండి (ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ స్క్వాష్ ఇవ్వకండి), ద్రాక్షకు సోడియం బెంజోయేట్ అనే ఇంకో నిల్వ పొడి వేయండి. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే కొనండి. బెంజోయేట్ లీటరు స్క్వాష్‌కి 0.7 గ్రాము మించకూడదు, అంత చిన్న తూకం చెంచాతో తేలదు కాబట్టి గ్రాముల్లో చూపించే చిన్న కాటా ఉంటే మంచిది. కొద్ది నీళ్లలో కరిగించి చివర్లో కలపండి. పులుపు ఉంటేనే బెంజోయేట్ పనిచేస్తుంది, అందుకని తియ్యగా ఉండాలని నిమ్మ ఉప్పు తగ్గించేయకండి.

ఆవకాయలోనూ వేయమంటారా అని కొందరు రాస్తున్నారు. ఉప్పు సరిగ్గా పడి, నూనె పైకి తేలి, జాడీలో తడి గరిటె పెట్టకుండా ఉంటే దానికి ఏ పొడీ అక్కర్లేదు.