స్టెమ్ సెల్ కోర్సా, ఫిజియోథెరపీయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఎనిమిది నెలల కిందట మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. స్టెమ్ సెల్స్‌తో నయమవుతుందంటున్నారు. అమ్మాయిని ఆ స్పెషలైజేషన్ ఉన్న ప్రైవేటు కాలేజీలో చేర్చాలనుకుంటున్నాం. తనేమో ఫిజియోథెరపీ అంటోంది. రోజూ గంటసేపు తాతయ్య చేత తీగకి బట్టల క్లిప్పులు పెట్టిస్తూ చదువు పాడుచేసుకుంటోంది. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరడిగింది కోర్సు గురించే అయినా, మీ బెంగంతా నాన్నగారి చెయ్యి గురించి. ముందు అదే చెబుతాను. స్టెమ్ సెల్స్ అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు. పక్షవాతానికి వాటితో చేసే చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. మన ఎయిమ్స్ డాక్టర్ల ఆధ్వర్యంలో 120 మంది రోగుల మీద జరిగిన ట్రయల్ (చికిత్స పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) ఫలితాలు 2014లో వచ్చాయి. రోగి ఎముక మజ్జలోంచి తీసిన కణాలనే తిరిగి రక్తనాళంలోకి ఎక్కించారు. హాని కనబడలేదు, కానీ ఎక్కించనివాళ్ల కంటే బాగా కోలుకున్నదీ లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు ఆమోదం పొందిన ట్రయల్‌లో తప్ప ఈ కణాలు ఇవ్వకూడదు. ఎవరైనా ప్యాకేజీ రేటు చెబితే లేచి వచ్చేయండి.

డిగ్రీలోనే స్టెమ్ సెల్ అని పేరు తగిలించిన కోర్సులంటే నాకు అనుమానం. ల్యాబ్ చూపించమనండి. కణాలు పెంచే హుడ్ (శుభ్రమైన గాలి వచ్చే పెట్టెలాంటి బల్ల) ముందు ఒక్కో విద్యార్థి వారానికి ఎన్ని గంటలు కూర్చుంటారో అడగండి. పునాది మామూలు బీఎస్సీలోనూ పడుతుంది. ఆపైన ఎమ్మెస్సీ, నెట్ పరీక్ష, పీహెచ్‌డీ. హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్ లాంటి జీవశాస్త్ర సంస్థల్లో పరిశోధన చేయాలంటే దారి అదే. దగ్గర దగ్గర పదేళ్లు పడుతుంది, ఇష్టం లేకుండా నడవలేరు.

కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఆ క్లిప్పులు పెట్టించడాన్ని చదువు పాడుచేసుకోవడం అంటారా? అదేనండీ వైద్యం! ఒకే కదలికను వందలసార్లు చేయిస్తేనే మెదడులో దెబ్బతినని భాగం ఆ పని అందుకుంటుంది. మీ పిల్ల చేస్తున్నది సరిగ్గా అదే. పదిహేడేళ్ల పిల్ల నెత్తిన తాతయ్య జబ్బు నయం చేసే బాధ్యత పెట్టి కోర్సు ఎంచకండి.

టెన్షన్ పడకండి. మొదటి మూడు నెలల్లో కోలుకున్నంత వేగం ఇప్పుడు ఉండదు గానీ, మెరుగుదల ఆగిపోదు. ఫిజియోథెరపీ చదివితే పరిశోధనకు తలుపులు మూసుకుపోవు కూడా. రేపు స్టెమ్ సెల్స్ నిజంగా పనిచేసినా, ఆ చేతికి మళ్లీ గ్లాసు పట్టుకోవడం నేర్పే మనిషి కావాల్సిందే.

ఈ వారం నాన్నగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్లేటప్పుడు అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి. ఒక పూట అక్కడే కూర్చోనివ్వండి. ఇంటికొచ్చాక ఏం చదువుతావని తననే అడగండి.