మైకెలాంజెలో జీవితం రాస్తున్న యువమిత్రుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ శ్రద్ధగా చదివాను. వచనం హాయిగా సాగింది. అయితే వాటికన్‌లోని పోప్ ప్రార్థనామందిరం సిస్టీన్ చాపెల్ పైకప్పు కింద ఇటలీ శిల్పి, చిత్రకారుడు మైకెలాంజెలో నాలుగేళ్లు వెల్లకిలా పడుకుని బొమ్మలు వేశాడని రాసిన చోట ఆగిపోయాను. ఆ పని సాగుతున్న రోజుల్లోనే ఆయన తన మిత్రుడు జొవాన్ని దా పిస్తోయాకు ఒక పద్యం రాసి పంపాడు. గొంతు కింద గలగండంలా వాచిందనీ, గడ్డం ఆకాశం వైపు తిరిగిందనీ, కుంచె నుంచి కారే రంగు ముఖమంతా పడుతోందనీ అందులో మొరపెట్టుకుని, పక్కనే తన బొమ్మ కూడా గీశాడు. ఆ బొమ్మలో మనిషి నిలబడి, తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకి చాచి ఉన్నాడు. నీ అధ్యాయానికి కావలసిన దేహబాధ అంతా ఆ ఒక్క కాగితంలో ఉంది.

అలాగని ఆయన తన గురించి చెప్పుకున్నదంతా ప్రమాణంగా తీసుకోకు. ఆయన చెప్పిన మాటల ఆధారంగా 1553లో శిష్యుడు కొండీవి రాసిన జీవితచరిత్రలో, చిత్రకారుడు గిర్లాందాయో దగ్గర మైకెలాంజెలో నేర్చుకున్నదేమీ లేదన్నట్టు ఉంటుంది. కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి 1568లో తన గ్రంథాన్ని తిరగరాసినప్పుడు, గిర్లాందాయోతో కుదిరిన 1488 నాటి ఒప్పందాన్నే ఎత్తిచూపాడు: పదమూడేళ్ల పిల్లవాడు మూడేళ్లు పని నేర్చుకోవాలి, మొదటి ఏడు 6, తర్వాత 8, ఆపైన 10 ఫ్లోరిన్లు (అప్పటి ఫ్లోరెన్స్ నాణేలు) ఇస్తారు. ఇక్కడ మైకెలాంజెలో అబద్ధమాడాడని తీర్పు చెప్పి ముందుకు వెళ్లిపోతే నీ పుస్తకం నష్టపోతుంది. కొండీవి పుస్తకమే ఆయన వంశాన్ని ఇటలీలోని కనోస్సా ప్రభువుల వంశంతో కలుపుతుంది, బొమ్మలు గీస్తున్నందుకు తండ్రీ పినతండ్రులూ కొట్టారనీ చెబుతుంది. వంశగౌరవం అంతగా పట్టించుకునే ఇంట్లో పుట్టినవాడికి, కూలి తీసుకుని పని నేర్చిన సంగతి డెబ్భై ఎనిమిదేళ్ల వయసులోనూ ఎందుకు గుచ్చుకుందో అక్కడ వెతుకు.

శిల్పాల విషయంలోనూ ఇంతే. మిలాన్‌లోని రొండానీని పియెతాను (చనిపోయిన యేసును తల్లి మరియ పట్టుకున్న శిల్పాన్ని) 'విషాదమూర్తి' అనే ఒక్క మాటతో దాటేశావు. మునుపటి రూపం నుంచి మిగిలిపోయిన ఒక చెయ్యి, దేహానికి అతకకుండా ఆ రాతిలో ఇప్పటికీ విడిగా నిలిచి ఉంది. 1564 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు వరకూ ఆయన దాని మీద ఉలి పెడుతూనే ఉన్నాడు. ఏది చెక్కి తీసేశాడో, ఏది వదిలాడో చూసి రాయి.

మొదటి అధ్యాయాన్ని ఆ ఒప్పందం దగ్గర నుంచి తిరిగి మొదలుపెట్టి పంపు.

నీ శ్రేయోభిలాషి