ఉమ్మడి గోడను కదపకుండా ఇల్లు కట్టుకోండి

ప్రశ్న: తెనాలిలో 110 గజాల్లో మాకు తాతల నాటి పెంకుటిల్లు ఉంది. పడమటి వైపు 36 అడుగుల పొడవున తొమ్మిదంగుళాల ఇటుక గోడ పక్కింటివాళ్లకీ మాకూ ఉమ్మడి. ఇల్లు కూల్చి రెండంతస్తులు వేసుకోవడానికి మేస్త్రీ 30 లక్షలు చెప్పాడు. చేతిలో 12 లక్షలున్నాయి, మిగతాది హోమ్ లోన్. గోడ కూడా కొత్తది కడదాం, సగం ఖర్చు పెట్టుకోండి అంటే పక్కింటాయన ససేమిరా అంటున్నారు. గజం 30 వేలున్న చోట ఆ గోడ కింది జాగా వదులుకోవాలా? – ఓ స్కూలు మాస్టారు

జవాబు: మాస్టారూ, మీరు వదులుకునే జాగా ఎంతో ముందు లెక్క వేద్దాం. గోడ ఉమ్మడిది కాబట్టి తొమ్మిదంగుళాల్లో మీది నాలుగున్నరే. 36 అడుగుల పొడవుకి అది పదమూడున్నర చదరపు అడుగులు, అంటే గజమున్నర. మీ వీధి ధరకి 45 వేలు.

ఇప్పుడు గొడవ లెక్క చూడండి. ఇల్లు కూల్చాక ఆయన కోర్టు నుంచి స్టే తెచ్చారనుకుందాం. మీరుండే అద్దె ఇంటికి నెలకి 9 వేలు వేసుకోండి. బ్యాంకు అప్పటికే 5 లక్షలు విడుదల చేసి ఉంటే, ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకి మూడున్నర వేల వడ్డీ. పని ఆరు నెలలు ఆగితే 75 వేలు పోయినట్టే. లాయర్ ఫీజు, ఈలోగా పెరిగే ఇనుము ధర దీనికి అదనం. పైగా ఆయన మాటకి చట్టం బలమూ ఉంది. ఒక ఇల్లు పక్కవారి గోడ ఆసరాతో 20 ఏళ్లు ఆటంకం లేకుండా నిలబడితే, ఆ ఆసరా హక్కవుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం చెబుతోంది.

అందుకని గోడని అలాగే ఉంచేయండి. మీ వైపు సొంత పిల్లర్లు, సొంత గోడ వేసుకోండి. మున్సిపాలిటీ ప్లాన్ ప్రకారం ఆ వైపు ఎలాగూ ఖాళీ వదలాల్సి వస్తుందేమో లైసెన్స్ ఉన్న ఇంజినీరుని ముందే అడగండి. వదలాల్సి వస్తే అసలు ఈ పేచీయే ఉండదు.

మేస్త్రీ చెప్పిన 30 లక్షల్లో గోడ పక్క పనులు ఉన్నాయో లేవో అడగండి. సాధారణంగా ఉండవు. హద్దుకి ఆనించి పిల్లర్ వేస్తే ఫుటింగ్, అంటే పిల్లర్ కింద వేసే వెడల్పాటి కాంక్రీటు అడుగు, పక్కవారి జాగాలోకి పోకూడదు. దాన్ని లోపలికి జరిపి బీముతో కట్టాలి, అక్కడ ఇనుము ఎక్కువ పడుతుంది. పునాది కూడా ఆ వైపు ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వించాలి, కూలి పెరుగుతుంది. మీ కప్పు తీసేశాక ఒంటరిగా మిగిలే గోడ పడిపోకుండా పోట్లు, అంటే ఆసరా కర్రలు, పెట్టించాలి. దూలాలు దిగిన బొక్కలు పూడ్చి, మీ వైపు ప్లాస్టరింగ్ చేయించాలి. మా నాన్నగారి ఇల్లు కూల్చినప్పుడు మేం ఈ ఒక్క పనీ వాయిదా వేశాం. మొదటి వానకే పక్కింటి పిన్నిగారి వంటింటి గోడ చెమ్మెక్కింది. ఆవిడ బియ్యం డబ్బాలు మోసుకుంటూ హాల్లోకి మార్చుకోవడం నాకింకా గుర్తుంది. ఆ గోడ బాగు చేయించిన ఖర్చు మాదే.

ఈ పనులకి 2 లక్షలు పక్కన పెట్టండి. అది లోన్ డబ్బు కాదు, మీ 12 లక్షల్లోంచి తీసి చిన్న ఎఫ్‌డీగా వేసుకోండి. కట్టడం సాగినంత కాలానికి కాంట్రాక్టర్ పేరుతో ఉండే ఇన్సూరెన్స్ గురించి కూడా అడగండి. పక్కింటికి జరిగే నష్టం అందులో చేర్చుకోవచ్చు. కానీ అదురు వల్ల, ఆసరా తీసేయడం వల్ల వచ్చే పగుళ్లు మామూలు పాలసీలో ఉండవు, అదనంగా రాయించుకోవాలి.

లోన్ అప్లికేషన్‌లో ‘నిర్మాణం’ అనే రాయండి. పాత పన్ను విధానంలో సొంతింటి నిర్మాణానికి వడ్డీ మినహాయింపు ఏడాదికి 2 లక్షల వరకు, రిపేర్లకైతే 30 వేలే.

ఇక పక్కింటాయన దగ్గరికి సగం ఖర్చు అడగడానికి వెళ్లొద్దు. దస్తావేజులు పట్టుకెళ్లి, పడమటి హద్దు దగ్గర ‘ఉమ్మడి గోడ’ అని ఉందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోండి. ఆయన ఇంట్లో ఇప్పటికే ఉన్న పగుళ్లకి ఆయన ఎదుటే ఫొటోలు తీయండి. గోడ కదపననీ, నా పని వల్ల దెబ్బ తింటే బాగు చేయిస్తాననీ ఒప్పందం రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. మేస్త్రీకి అడ్వాన్స్ ఆ తర్వాతే ఇవ్వండి.