విశాఖ నుంచి రాయపూర్‌కి పది టైర్ల లారీ: కొత్తగా వెళ్లే డ్రైవర్ ఏం చూసుకోవాలి?

అడిగింది ఇదీ: ఆరు టైర్ల బండి మీద మూడేళ్లు లోకల్ తిరిగిన తమ్ముడు ఇప్పుడు పది టైర్ల బండి ఎక్కుతున్నాడు. విశాఖ నుంచి రాయపూర్‌కి ఎరువు బస్తాలు తీసుకెళ్లి, బియ్యంతో తిరిగి రావాలి. పని ఎలా ఉంటుంది, కొత్తవాళ్లు ఎక్కడ దెబ్బ తింటారు అని అడిగాడు.

తమ్ముడూ, ఈ రూట్లో కొత్తవాళ్లు దెబ్బ తినేది ఎక్కువగా ఒకే చోట. లోడింగ్ దగ్గర పోయిన గంటల్ని రాత్రి రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తారు. పొద్దున ఎనిమిదింటికి గోడౌన్ గేటు దగ్గర బండి పెడితే, నంబరు వచ్చి, హమాలీలు దొరికి, బస్తాలు ఎక్కేసరికి సాయంత్రం నాలుగో అయిదో అవుతుంది. అంతసేపూ స్టీరింగ్ పట్టుకోలేదు కాబట్టి నువ్వు విశ్రాంతిలో ఉన్నావని ఓనరు అనుకుంటాడు, నువ్వూ అలాగే అనుకుంటావు. కానీ ఎండలో బండి ముందుకీ వెనక్కీ జరుపుతూ, బస్తాలు లెక్కపెడుతూ, పట్టా (టార్పాలిన్) కట్టిస్తూ గడిపిన ఎనిమిది గంటలు పని గంటలే. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది. 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. రోడ్డు మీద ఏ చట్టాన్నైనా అమలు చేసేవాడు కనబడడు. నీకు నువ్వే అమలు చేసుకోవాలి.

ముందు దూరం లెక్క చూడు. పాత 43వ నంబరు రోడ్డు మీద విశాఖ నుంచి రాయపూర్ దాదాపు 590 కిలోమీటర్లు. విజయనగరం, సాలూరు, కొరాపుట్, జైపూర్ (ఒడిశాలోది), జగదల్‌పూర్, కొండగావ్, కేశ్‌కాల్, కాంకేర్, ధమ్‌తరి, ఇదీ వరస. 464 కిలోమీటర్ల కొత్త ఆరు లైన్ల కారిడార్ పూర్తిగా అందుబాటులోకి వస్తే ఈ లెక్క మారిపోతుంది. పాత రోడ్డు మీద లోడు బండికి ఘాట్లూ ఊళ్లూ కలుపుకుని సగటున గంటకు 30, 35 కిలోమీటర్ల కంటే రావు. అంటే 18 గంటల డ్రైవింగ్. దాన్ని ఒక రాత్రి, ఒక పగలులో లాగేసేవాళ్లున్నారు. లాగొద్దు. లోడయిన సాయంత్రం సాలూరు దాకా వెళ్లు, 115 కిలోమీటర్లే. అక్కడ పడుకో. రెండో రోజు తెల్లవారాక ఘాట్ ఎక్కి చీకటి పడే వేళకు కొండగావ్ చేరు, 255 కిలోమీటర్లు. మూడో రోజు పొద్దున్నే కేశ్‌కాల్ ఘాట్ దిగితే సాయంత్రానికి రాయపూర్ శివార్లలో ఉంటావు. ఈ పద్ధతిలో రెండు ఘాట్లూ వెలుతురులో, నిద్ర తీరిన కళ్లతో దాటుతావు.

"ఈ-వే బిల్లు టైం అయిపోతుంది, తొందరగా పో" అని ఆఫీసు వాళ్లు భయపెడతారు. జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే బిల్లు అది. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. 590 కిలోమీటర్లకు మూడు రోజులు. మొదటి రోజు లెక్క బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రికి ముగుస్తుంది. అంటే 10వ తేదీన తీసిన బిల్లు 13వ తేదీ అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. బండి చెడిపోయి ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆ పని ఆఫీసుతో చేయించు. సరుకు వేరే బండిలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించకుండా కదలొద్దు. నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా దారిలో ఆపేస్తారు, కాబట్టి గేటు దాటకముందే చదువుకో. ఆర్‌సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, నీ లైసెన్స్ ఫోన్‌లో డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. అయినా జిరాక్సుల ఫైలు ఒకటి క్యాబిన్లో పెట్టుకో, ఘాట్‌లో సిగ్నల్ ఉండదు.

ఇక బరువు. పది టైర్ల బండికి 2018 నుంచి మొత్తం బరువు 28.5 టన్నుల దాకా అనుమతి. నీ బండికి ఎంతన్నది ఆర్‌సీలో చూసుకో, పాత బండికి పాత అంకే ఉండవచ్చు. ఖాళీ బండి బాడీని బట్టి 9 నుంచి 10 టన్నులు తూగుతుంది. తొమ్మిదిన్నర అనుకుంటే సరుకు 19 టన్నులు, 50 కిలోల బస్తాలు 380. లోడుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కాటా వేయించి రెండు చీటీలూ దాచుకో. "ఇంకో రెండు టన్నులు వేసుకో, కిరాయి కలుస్తుంది" అంటారు. ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000, పైగా ఎక్కువ సరుకు అక్కడే దింపాలి. జరిమానా ఓనరు కట్టుకుంటాడనుకో. కేశ్‌కాల్ దిగేటప్పుడు ఆ రెండు టన్నులు నీ బ్రేకుల మీదే ఉంటాయి.

బస్తాలు ముందు గోడకు ఆనించి మొదలుపెట్టి, రెండు పక్కలా ఎత్తు సమానంగా వేయించు. వెనక బరువెక్కువైతే ఘాట్ ఎక్కేటప్పుడు ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. పట్టాలు రెండు వేస్తే మొదట వెనక పట్టా పరిచి, దాని అంచు మీదికి ముందు పట్టా రావాలి, ఇంటి పెంకులు పేర్చినట్టు. తిరగేసి వేస్తే గాలి ఆ సందులో దూరి పట్టాను చింపుతుంది, వానొస్తే నీళ్లు లోపలికే పోతాయి. తడిసిన ఎరువు గడ్డకడుతుంది, ఆ బస్తాల డబ్బు నీ బత్తాలోంచి కోస్తారు. తాళ్లు బయలుదేరిన 40, 50 కిలోమీటర్లకు మళ్లీ బిగించు. బస్తాలు కుదురుకున్నాక అవి వదులవుతాయి. విజయనగరం దాటాక టీకి ఆగినప్పుడు చేసుకుంటే సరిపోతుంది.

గేటు దగ్గర నువ్వు బండి పెట్టిన తేదీ, సమయం ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద రాయించి సంతకం పెట్టించుకో. బండి ఆగినందుకు ఇచ్చే హాల్టింగ్ డబ్బులు అడగడానికి ఆ ఒక్క కాగితమే ఆధారం. హమాలీ ఖర్చు ఎవరిదో కూడా లోడుకు ముందే తేల్చుకో. దించేచోట తేల్చుకుందామంటే నీ జేబుకే చిల్లు.

టైర్ల గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. సైజును బట్టి 110 నుంచి 120 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, నీ టైరుకు కంపెనీ ఎంత చెప్పిందో చూసుకో. మధ్యాహ్నం వేడెక్కాక గేజీ పెడితే పది పదిహేను ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయొద్దు. తీస్తే రాత్రి చల్లబడ్డాక తక్కువైపోతుంది. జంట టైర్లలో లోపలి టైరును ఎవరూ చూడరు. దాంట్లో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మోస్తుంది, లోపలిది నలిగి వేడెక్కుతుంది, ఏదో ఒకటి పేలుతుంది. అందుకే రాడ్డుతో కొట్టి చప్పుడు వింటూ బండి చుట్టూ తిరగడం అలవాటు చేసుకో. జంట మధ్య ఇరుక్కున్న రాయిని కూడా అప్పుడే తీసేయి. వీల్ నట్టు చుట్టూ తుప్పు చార దిగిందంటే అది వదులైందని అర్థం. ఆగిన ప్రతి చోటా చేతి వెనక భాగాన్ని హబ్‌ల (చక్రాల మధ్య భాగం) దగ్గర పెట్టి చూడు. అన్నిటికంటే ఒకటి మరీ వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదంటే బేరింగ్ పోతూ ఉంటుంది.

బ్రేకులకు గాలినిచ్చే ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు రోజూ వదులు. నీళ్లతో పాటు ఆయిల్ కూడా వస్తోందంటే కంప్రెసర్ అరిగింది, ఓనరుకు చెప్పు. గాలి నిండాక ఇంజిన్ ఆపి, బ్రేకు తొక్కి రెండు నిమిషాలు అలాగే ఉంచి గాలి మీటరు ముల్లు చూడు. తొక్కగానే కొద్దిగా పడి నిలబడాలి. ఆగకుండా దిగుతోందంటే ఎక్కడో లీకు. ఇది సాలూరులోనే తేల్చుకో. లారీల ఊరుగా పేరున్న చోటు అది, బ్రేకు, కమాను పట్టీలు, టైరు పనివాళ్లు అందరూ దొరుకుతారు. దాని తర్వాత ఘాటే.

బీఎస్-6 బండి అయితే డీఈఎఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) మర్చిపోకు. డీజిల్‌లో దాదాపు 5 శాతం తాగుతుంది. లీటరుకు 4 కిలోమీటర్ల లెక్కన ఒక వైపుకు 150 లీటర్ల డీజిల్ అనుకుంటే, డీఈఎఫ్ ఏడెనిమిది లీటర్లు. అది అయిపోతే ఇంజిన్ శక్తి తగ్గించేస్తుంది, లోడుతో ఘాట్ ఎక్కదు. రోడ్డు పక్క డ్రమ్ముల్లో చౌకగా అమ్మేది పోయొద్దు. పొలం యూరియా, బోరు నీళ్లు కలిపిన సరుకైతే నాజిల్ దగ్గర తెల్లటి గడ్డ కట్టి మొత్తం సిస్టం పోతుంది. ఇంజిన్ ఆపగానే బ్యాటరీ స్విచ్ కూడా తీసేయొద్దు. పైపుల్లో మిగిలిన డీఈఎఫ్‌ను పంపు వెనక్కి లాగడానికి రెండు నిమిషాలు పడుతుంది. డీజిల్ ఒడిశాలో ఆంధ్ర కంటే చౌక, చాలామంది కొరాపుట్ దాకా సరిపడా పోసుకుని అక్కడ నింపుకుంటారు. మంచి పద్ధతే, కానీ ఘాట్ ఎక్కే ముందు ట్యాంకు మరీ అడుగంటకుండా చూసుకో.

కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు. వెళ్లేటప్పుడు నీకు దిగుడు. దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి ఇంజిన్‌తోనే బండిని పట్టేది) వేసి ఉంచు, ఇంజిన్ తిప్పుడు బాగా ఉన్నప్పుడే అది గట్టిగా పట్టుకుంటుంది, ఆర్‌పీఎం ముల్లు ఎర్ర గీత దాటకుండా చూడు. కాలి బ్రేకు మీద కాలు ఆనించి దిగొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలెయ్యి. డ్రమ్ముకు చల్లబడే సమయం దొరుకుతుంది. ఆనించి దిగితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి బ్రేకు లైనర్ అందదు, పెడల్ తొక్కినా బండి ఆగదు. న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చేవాళ్ల మాట వినకు. ఇంజిన్ ఆపేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, కంప్రెసర్ ఆగి గాలి నిండదు. అక్కడ ఒక బండి చెడిపోతే గంటల తరబడి జామ్ అవుతుంది. అందుకని నీళ్లు, అటుకులో బిస్కెట్లో దగ్గర పెట్టుకో. వరస తప్పి పక్కనుంచి దూరితే ఎదురు బండ్లకు దారి మూసుకుపోయి, నువ్వే జామ్ పెంచినవాడివవుతావు.

నిద్ర విషయం. రాత్రి రెండు నుంచి అయిదు మధ్య ఒళ్లు నిద్ర కోరుతుంది. టీ, గుట్కా, కిటికీలోంచి గాలి అప్పటికి కళ్లు తెరిపించినట్టే ఉంటాయి, పావుగంటకు మళ్లీ మొదలు. గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తు రాకపోతే నువ్వు అప్పటికే కళ్లు తెరిచి నిద్రపోతున్నావు. వెంటనే పక్కకు తీసి ఇరవై నిమిషాలు పడుకో. రోడ్డు అంచున ఆపొద్దు, వెనక వచ్చేవాడు కూడా నీలాగే నిద్రమత్తులో ఉండొచ్చు. దీపాలున్న బంకులో, నాలుగు బండ్లున్న ధాబాలో పెట్టు. డీజిల్ ట్యాంకుకు తాళం, స్టెప్నీకి గొలుసు ఉండాలి. ఎంత ఉక్కగా ఉన్నా, నువ్వు గానీ క్లీనర్ గానీ బండి కింద నీడలో పడుకోవద్దు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. పాత బండి అయితే చిన్న ఫ్యాను, దోమతెర కొనుక్కో. దోమతెర మరీ ముఖ్యం. కొరాపుట్, బస్తర్ రెండూ మలేరియా ప్రాంతాలు. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే, ఆ వైపు వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకో.

రాయపూర్‌లో నో-ఎంట్రీ సమయాలు, గోడౌన్ మూసే వేళ సరుకు తీసుకునే పార్టీకి ఫోన్ చేసి కనుక్కో. బస్తాలు ఎన్ని దింపారో, చిరిగినవి ఎన్నో అక్కడే రాసి ముద్ర వేయించుకుని వెంటనే ఫొటో పంపు. క్లీనర్ లేకుండా వెళ్తే రివర్స్ చేసే ప్రతిసారీ దిగి వెనక చూసి ఎక్కు.

బియ్యంతో తిరిగొచ్చేటప్పుడు కేశ్‌కాల్ ఎక్కుడు, సుంకి నుంచి సాలూరు దిగుడు. ఇల్లు దగ్గరపడిందన్న తొందరలో రాత్రిపూట దిగేది ఇక్కడే. చలికాలం తెల్లవారుజామున మంచు, వానాకాలంలో కొండ మీది నుంచి మట్టి, రాళ్లు. మంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు, లో బీమ్‌లోనే దిగు. సుంకిలో ఆగి హబ్‌లు చూసుకుని, పగటి వెలుతురులో మొదలుపెట్టు. మధ్యలో లైనర్ కాలిన వాసన వస్తే వెడల్పు ఉన్న చోట ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టు. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, పోత ఇనుము చిట్లుతుంది. అరగంటో గంటో దానంతట అదే చల్లారనివ్వు. ఇందుకోసం రెండు చెక్క దిమ్మెలు బండిలోనే ఉంచుకో. రాళ్లు పెట్టాల్సి వస్తే కదిలే ముందు వాటిని తీసి లోయ వైపు కాదు, కొండ వైపు అంచున పడెయ్యి. రోడ్డు మీదే వదిలేసిన రాయి చీకట్లో వెనక వచ్చే బైకువాడికి కనబడదు.