డంబోలో కాకులేం తప్పు చేశాయి?

ప్రశ్న: నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం, మా పాపకి ఎనిమిదేళ్లు. మొన్న శనివారం పాత డిస్నీ కార్టూన్ సినిమా 'డంబో' పెడితే, సినిమా మొదలవకముందే ఇందులో కొందరిని కించపరిచే చిత్రణ ఉండొచ్చని తెర మీద హెచ్చరిక వచ్చింది. పెద్ద చెవులతో ఎగరడం నేర్చుకునే సర్కస్ ఏనుగు పిల్ల కథలో అంత మాట ఏముందో అర్థం కాలేదు. కాకుల గురించేనని ఎవరో చెప్పారు. "అమ్మా, కాకులేం తప్పు చేశాయి?" అని పాప అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇలాంటివి చూపించడం మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండీ, పక్కన కూర్చుని చూడండి చాలు. పాప మంచి ప్రశ్న అడిగింది. కాకులు ఏ తప్పూ చేయలేదు, వాటికి మాటలు రాసి గొంతు పెట్టినవాళ్లు చేశారు.

ఆ సినిమా వచ్చింది 1941లో. అప్పటికి అమెరికా దక్షిణాదిలో నల్లజాతి వాళ్లకి బడి వేరు, బస్సులో సీటు వేరు, చివరికి మంచినీళ్ల కుళాయి కూడా వేరే. ఆ చట్టాలని 'జిమ్ క్రో' చట్టాలనేవారు. నల్లవాళ్లని వెక్కిరించడానికి తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని ఆడిన పాత స్టేజి పాత్ర పేరు అది. సినిమా తీసినవాళ్లు కాకుల నాయకుడికి పెట్టుకున్న పేరూ అదే! తెర మీద ఆ పేరు వినబడదు గానీ నల్లవాళ్ల యాస వినబడుతుంది, ఆ యాసని అనుకరిస్తూ ఆ కాకికి గొంతిచ్చిన క్లిఫ్ ఎడ్వర్డ్స్ తెల్లవాడు.

అలాగని కాకులు చెడ్డవేం కావు. మొదట ఎగతాళి చేసినా, డంబో స్నేహితుడైన ఎలుక వచ్చి వాడు పడ్డ కష్టాలు చెప్పగానే మనసు కరిగి, ఈక ఇచ్చి ఎగరమని ధైర్యం చెప్పేది అవే. సర్కస్‌లోని సొంత జాతి ఏనుగులేమో వాణ్ణి వెలేస్తాయి. అందుకే కాకుల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో సీన్. రాత్రిపూట, జోరువానలో, సర్కస్ గుడారం వేస్తుంటారు కూలీలు. అందరూ నల్లవాళ్లే. సమ్మెటలు ఎత్తి మేకులు దిగ్గొడుతుంటారు, ఒక్కడికీ ముఖం లేదు, కళ్లు, ముక్కు, నోరు ఏమీ గీయలేదు. పైగా జీతం చేతికొస్తే పారేసుకుంటామని వాళ్లచేతే పాడించారు. అదే సినిమాలో ఎలుకకి ఎర్ర కోటు, టోపీ ఎంత శ్రద్ధగా గీశారో చూడండి.

డంబో ఒక్కటే కాదు. 1955 నాటి 'లేడీ అండ్ ద ట్రాంప్'లో రెండు సయామీ పిల్లులుంటాయి. ఏటవాలు కళ్లు, ముందుకొచ్చిన పళ్లు, వచ్చీరాని ఇంగ్లీషు. తూర్పు ఆసియా వాళ్ల మీద ఉన్న వెక్కిరింతంతా వాటి మీద రుద్దారు. 2019లో మళ్లీ తీసినప్పుడు అవి పాడే పాట తీసేశారు, పిల్లుల జాతీ మార్చారు. జంతువులు మనుషుల్లా కలిసి బతికే నగరం మీద 2016లో వచ్చిన 'జూటోపియా' ఈ వివక్షనే కథగా తీసుకుంది, నక్క అనే కారణంతో ఐస్‌క్రీం అమ్మనన్న సీన్ పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. నాకు నచ్చిన సినిమా. కానీ అక్కడ నక్కలు ఒకప్పుడు కుందేళ్లని నిజంగానే తిన్నాయి. మనుషుల్లో ఒక జాతిని చూసి ఇంకో జాతి భయపడటానికి అలాంటి కారణమేదీ లేదు, ఆ తేడా పాపకి చెప్పండి.

ఇదంతా అమెరికా గొడవ అని మనం తప్పించుకోలేం. మాది వరంగల్ వైపు. నా చిన్నప్పుడు మా ఇంట్లో మాట్లాడే మాట తెలుగు సినిమాలో వినబడిందంటే అది రౌడీదో కమెడియన్‌దో అయ్యుండేది, హీరో మాత్రం కోస్తా తెలుగే మాట్లాడేవాడు. హాస్టల్లో కొత్తలో "గట్లనే" అన్నానని గదిలో నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి సెలవులకి ఇంటికెళ్లేదాకా ఆ మాట పలకలేదు. ఇంట్లో మా అమ్మ ముందు "అలాగే" అని నోరు జారితే ఆవిడ నా వంక అదోలా చూసింది.

'లయన్ కింగ్' లాంటివి ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతున్నాయి కదా, పాపకి తెలుగులో కూడా చూపించండి. ఏ జంతువు ఎవరిలా మాట్లాడుతోంది, ఏ గొంతు వినగానే తనకి నవ్వొచ్చింది, ఎందుకొచ్చిందో అడగండి. డంబోలో మాత్రం ఆ గుడారం సీన్ దగ్గర కాసేపు ఆపండి. వీళ్లకి ముఖాలెందుకు లేవని అడిగితే పాప ఏమందో నాకు రాయండి.