జీఆర్ఈ పదాల లిస్టు బట్టీ పట్టినా వెర్బల్‌లో మార్కులు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో ఎంఎస్ చేయాలని ఉంది. దాని ప్రవేశానికి అడిగే జీఆర్ఈ పరీక్షలో ఇంగ్లిష్ భాగమైన వెర్బల్ కోసం, సీనియర్ ఇచ్చిన 3,500 పదాల లిస్టులోంచి రోజుకు యాభై పదాలు బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నాను. మాక్ టెస్టులో తెలిసిన పదాలు వచ్చినా తప్పు పెడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. అప్పు చేసైనా ఫీజు కడతాను, వెర్బల్ కోచింగ్‌కు వెళ్లమని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: తెలిసిన పదాలు వచ్చినా తప్పు పెడుతున్నానని మీరే రాశారు. మీ సమస్యంతా ఆ మాటలోనే ఉంది. తక్కువైంది పదాలు కాదు. ఇంకో వెయ్యి నేర్చుకున్నా మాక్ టెస్టులో ఇదే జరుగుతుంది. కాబట్టి ముందు ఆ లిస్టు పక్కన పెట్టండి.

అలాంటి లిస్టులు పాత జీఆర్ఈకి పనికొచ్చేవి. 2011 ఆగస్టుకు ముందు అందులో వ్యతిరేక పదాలు, అనాలజీలు (రెండు పదాల మధ్య ఉన్న సంబంధమే ఉన్న మరో జంటను గుర్తించడం) అడిగేవారు. విడిగా ఒక పదం ఇచ్చి దీనికి వ్యతిరేకార్థం ఏదంటే, బట్టీ పట్టినవాళ్లు టక్కున గుర్తుపట్టేవారు. ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసేశారు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను కుదించారు. మొత్తం 1 గంట 58 నిమిషాలు. అందులో వెర్బల్‌కు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. వీటిలో దాదాపు సగం వాక్యంలో ఖాళీలు పూరించేవి, మిగతావి పాసేజీ చదివి జవాబు చెప్పేవి. ఎక్కడా పదం ఒంటరిగా రాదు.

ఇక్కడే మీ తెలుగు మీకు ఎంత ఉపయోగపడుతుందో చూడండి. ఫ్రూగల్, పార్సిమోనియస్ అనే రెండు పదాలకూ చాలా లిస్టుల్లో ‘తక్కువ ఖర్చు పెట్టే’ అనే ఉంటుంది. ఇప్పుడు ఈ వాక్యం చదవండి: ‘ఎంతో ... బతికిన ఆ టీచర్, మిగిల్చిన డబ్బంతా ఊరి లైబ్రరీకి ఇచ్చేశాడు.’ లిస్టు చదివినవాళ్లు ఏది పెట్టాలో తేలక తికమక పడతారు. మీరు తెలుగులో ఆలోచిస్తే ఆ టీచర్‌ను పొదుపరి అంటారు గానీ పిసినారి అనరు. పొదుపరి మెప్పు, పిసినారి తిట్టు. ఫ్రూగల్ మొదటిది, పార్సిమోనియస్ రెండోది. పట్టుదలకూ మొండితనానికీ తేడా మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు; టెనేషియస్‌కూ ఆబ్‌స్టినేట్‌కూ ఉన్న తేడా అదే. తెలుగు మీడియంలో చదివానని కుంగిపోకండి. ఆప్షన్లు చూడకముందే ఖాళీలో తెలుగు మాట ఒకటి పెట్టుకుని, ఆ తర్వాతే దానికి దగ్గరగా ఉన్న ఇంగ్లిష్ పదం వెతకండి. ఆప్షన్లు ముందు చూస్తే అవి మిమ్మల్ని లాగేస్తాయి.

ఆరు ఆప్షన్లలోంచి రెండు ఎంచుకోవాల్సిన సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో ఈ అలవాటు ఇంకా అవసరం. రెండూ సరిగ్గా పెడితేనే మార్కు, ఒకటి తప్పినా సున్నానే. అక్కడ వాక్యానికి అస్సలు నప్పని పర్యాయపదాల జంట కూడా ఉండొచ్చు. లిస్టు బట్టీ పట్టినవాళ్ల కన్ను నేరుగా ఆ జంట మీదే పడుతుంది.

వాక్యాన్ని మలుపు తిప్పే చిన్న మాటల దగ్గర కూడా చాలామంది మార్కులు పోగొట్టుకుంటున్నారు. దో (అయినప్పటికీ), డిస్పైట్, ఫార్ ఫ్రమ్, హార్డ్‌లీ లాంటివి. హార్డ్‌లీ అంటే ‘కష్టపడి’ అనుకునే విద్యార్థులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ‘హార్డ్‌లీ సర్‌ప్రైజింగ్’ అంటే ‘ఆశ్చర్యమేమీ కాదు’ అని. అది పట్టుకోకపోతే ఖాళీలో సరిగ్గా వ్యతిరేక పదం పెట్టి వస్తారు. మీరు తప్పు పెట్టిన మాక్ టెస్టు ప్రశ్నలు మళ్లీ తీసి చూడండి. వాటిలో పదం తెలియక పోయినవి ఎన్ని, వాక్యం అర్థంకాక పోయినవి ఎన్ని అని లెక్క వేయండి.

బాగా తెలుసనుకున్న పదాలతోనూ జాగ్రత్త. మనకు క్వాలిఫై అంటే ఎంసెట్‌లో క్వాలిఫై కావడం. జీఆర్ఈ పాసేజీలో ఒక విమర్శకురాలు తన ప్రశంసను ‘క్వాలిఫై’ చేసిందంటే, మెచ్చుకుంటూనే దానికి పరిమితులు పెట్టిందని. శాంక్షన్ అంటే మనకు లోన్ మంజూరు కావడం. అంతర్జాతీయ వార్తల్లో అదే మాట ఒక దేశం మీద ఆంక్షలు. డిస్కౌంట్ అంటే ధర తగ్గింపే కాదు, ఒక వాదనను లెక్కలోకి తీసుకోకపోవడం కూడా. చెక్ అనే పదం మాత్రం మీకు సులువు, ‘అక్రమాలకు చెక్’ అని మన పేపర్లు రోజూ రాస్తున్నది జీఆర్ఈ అర్థంలోనే. కొత్త పదాలకంటే ముందు ఇలాంటి పాత పదాల రెండో అర్థాలు నేర్చుకోండి.

ఇక రోజూ చేయాల్సింది. యాభై వద్దు, పది పదాలు చాలు. అవి మీరు చదివిన దాంట్లోంచే రావాలి. ‘ది హిందూ’ సంపాదకీయం, సైన్స్ పేజీ, జీఆర్ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్ ఇచ్చే పాత పాసేజీలు సరిపోతాయి. నోట్‌బుక్‌లో పదంతో పాటు అది కనిపించిన వాక్యం మొత్తం రాయండి. కింద దగ్గరి తెలుగు మాట, అది మెప్పా తిట్టా, పక్కన ఏ పదాలు వస్తున్నాయి అన్నది రాయండి. అర్థం కోసం ఉదాహరణ వాక్యాలు ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ వాడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌వి ఆన్‌లైన్‌లో ఉచితం. మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకు తిరగేయండి. తిరగేసేటప్పుడు పదం మూసి వాక్యం చూడాలి, అందులో ఏ పదం ఉందో గుర్తు తెచ్చుకోవాలి. మర్చిపోవడం మీ ఒక్కరి లోపం కాదు. ఒకేసారి యాభై పదాలు మింగి మళ్లీ వాటి ముఖం చూడకపోతే ఎవరికైనా అంతే.

అమెరికా వెళ్లాక చదువుకు పనికొచ్చే పదాలు వేరే ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో ఏవ్‌రిల్ కాక్స్‌హెడ్ 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ అని 570 పదకుటుంబాలతో (ఒకే మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) ఒక జాబితా ప్రచురించారు. అకడమిక్ రచనల్లో దాదాపు పదో వంతు పదాలు వాటిలోవే. అజ్యూమ్, డిరైవ్, సిగ్నిఫికెంట్ లాంటివి మీ బీటెక్ పుస్తకాల్లో ఇప్పటికే చూశారు. వాటితో సొంతంగా వాక్యాలు రాయడం మొదలుపెట్టండి. ఇంగ్లిష్ ప్రావీణ్యాన్ని చూసే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రైటింగ్‌లో పదసంపదకు నాలుగో వంతు మార్కులు. అక్కడ పెద్ద పదం వాడారా అని కాదు, సరైన చోట వాడారా అని చూస్తారు. అప్లికేషన్‌తో పాటు మీ గురించి రాసే వ్యాసం ఎస్ఓపీలో మిరియడ్, ప్లెథోరా లాంటి గంభీరమైన పదాలు కుక్కకండి. మీ ప్రాజెక్టు సంగతి మామూలు మాటల్లో చెప్పండి.

అసలు మీకు జీఆర్ఈ కావాలా అన్నది కూడా చూసుకోండి. 2020 తర్వాత చాలా యూనివర్సిటీలు దీన్ని ఐచ్ఛికం చేశాయి. మీరు అప్లై చేయాలనుకుంటున్న ఎనిమిది పది యూనివర్సిటీల వెబ్‌సైట్లలో మీ కోర్సు పేజీ తెరిచి, ఏం అడుగుతున్నారో రాసుకోండి. ఎవరూ తప్పనిసరి అనకపోతే ఆ సమయం ప్రాజెక్టుకు, సీజీపీఏకు పెట్టడం మేలు. కావాలంటే మూడో ఏడాది వేసవి సెలవుల్లో రాసేయండి. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఐఈఎల్‌టీఎస్‌ది రెండేళ్లే కాబట్టి అది తర్వాత రాసినా ఫర్వాలేదు.

కోచింగ్ కోసం నాన్నగారిని ఇప్పుడే అప్పు చేయనివ్వకండి. ఈ పద్ధతిలో ఆరు వారాలు చదివి, ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ అనే మాక్ టెస్టు ఒకటి టైమ్ పెట్టుకుని రాయండి. తప్పులన్నీ పాసేజీల్లోనే వస్తుంటే పాసేజీలు పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి. దానికి ముందు మీ కాలేజీ ఇంగ్లిష్ లెక్చరర్‌ను వారానికి ఒక గంట అడిగి చూడండి. అప్పటికీ స్కోరు కదలకపోతే, అప్పుడు ఫీజు సంగతి నాన్నగారితో మాట్లాడదాం. ఆ టెస్టు స్కోరు, తప్పు పోయిన ప్రశ్నల లెక్క నాకు రాసి పంపండి.