మన పెంపకాన్ని గిఫ్టు కవర్లో పెట్టి ఇవ్వొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది గుణుపూర్. తెలుగువాళ్ళమే, మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. మా తమ్ముడు బరంపురంలో ఒడియా అమ్మాయిని చేసుకున్నాడు. పోయిన ఏడాది శ్రావణంలో వాళ్ళకి బాబు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజు ఇక్కడివాళ్ళు ఏకోయిశియా చేస్తారు కదా, దానికి మెత్తటి నూలు గుడ్డతో రెండు డజన్ల లంగోటాలు కుట్టించి పట్టుకెళ్ళాను. నా పిల్లలిద్దరినీ నేను డైపర్ లేకుండానే పెంచాను. అవెందుకు మంచివో, ఎలా ఉతకాలో ఒక కాగితం మీద మా పాప చేత ఒడియాలో రాయించి లోపల పెట్టాను, మరదలికి తెలుగు చదవడం రాదని. దసరాకి వెళ్తే బాబుకి డైపరే వేసి ఉంది, మరదలు నేనిచ్చిన గుడ్డతో గ్యాస్ స్టవ్ తుడుస్తోంది. మనసు చివుక్కుమంది. ఇప్పుడు పర్లాకిమిడిలో మా ఆడపడుచు కూతురికి పాప పుట్టింది, పది రోజుల్లో బాలసారె. పాపని ఒంటికి కట్టుకునే గుడ్డ, తల్లిపాల మీద ఒక పుస్తకం ఇద్దామనుకుంటే మావారు వద్దంటున్నారు. మంచి వస్తువు ఇవ్వడం కూడా తప్పేనా?
– ఒక పాఠకురాలు, గుణుపూర్

జవాబు: మీవారి మాట వినండమ్మా, కనీసం పుస్తకం విషయంలో.

లంగోటాలు మంచివే, నూలు గుడ్డ అంటే నాకూ ఇష్టమే. ఇబ్బందంతా ఆ కాగితంతో వచ్చింది. మరదలు చదువుకోవాలని ఒడియాలో రాయించారంటే మీకెంత ప్రేమో నాకు తెలుస్తోంది, కానీ ఇరవయ్యొక్క రోజుల బాలింత, నిద్ర లేక కళ్ళు మండుతూ, ఇంటినిండా చుట్టాలుండగా ఆ కవరు విప్పితే ఆమెకి కనపడేది "నువ్విలా పెంచాలి" అన్న మాటే. అదీ ఆడపడుచు నుంచి. స్నేహితురాలిస్తే "నాకు కుదరదే" అని నవ్వేయొచ్చు, ఆడపడుచుకి అలా చెప్పగలదా? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇచ్చింది వద్దనలేరు, వాడకపోతే ఏమనుకుంటారోనని మళ్ళీ టెన్షన్.

ఇంకొకటి. శ్రావణంలో పుట్టాడన్నారు. వాన ముసురు పట్టిందంటే తువ్వాలు ఆరడానికే రెండ్రోజులు పట్టే కాలం, పసివాడు రోజుకి పదిహేను, ఇరవై గుడ్డలు తడుపుతాడు. వాళ్ళింట్లో ఆరేసుకునే చోటుందా, ఉతికి పెట్టే మనిషుందా, ఇది అడిగారా మీరు? మీకు ఆ రోజుల్లో మీ అమ్మగారో అత్తగారో పక్కనుండి ఉంటారు.

నా సంగతి చెప్తాను. మా పెద్దాడు నెల ముందే పుట్టాడు, వారం రోజులు ఆసుపత్రిలో వేరే గదిలో పెట్టారు, పాలు పట్టడం వాడికి చేతకాలేదు. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేదాన్ని, చాలక డాక్టరు చెప్పిన పాలపొడి కూడా కలిపాను. అప్పుడొక దగ్గరి బంధువు తల్లిపాల గొప్పతనం మీద పుస్తకం తెచ్చిచ్చింది, మొదటి పేజీలో ఆశీస్సులు కూడా రాసి. ఆమెది మంచి మనసే. నేను మాత్రం ఆ పుస్తకాన్ని బీరువాలో చీరల కిందికి తోసేసి ఏడ్చాను. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలని డాక్టర్లంతా చెప్పేదే, నాకూ తెలుసు. తెలిసీ చెయ్యలేకపోతున్న మనిషికి ఆ పుస్తకం ఎలా ఉంటుందో చూడండి. ఉద్యోగం చేసే తల్లులదీ ఇదే బాధ. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు చట్టంలో ఉంది, కానీ నలుగురే పనిచేసే చిన్న కొట్లో ఉన్న అమ్మాయికి ఆ చట్టం వర్తించదు.

ఇది మీవైపు ఇష్టాలకే అనుకోకండి. బాటిల్ సెట్టు, పాలపొడి డబ్బా అడక్కుండా తెచ్చేవాళ్ళకీ ఇదే చెప్తాను. అమ్మకాలు పెంచుకోవడానికి పాలపొడి, పాలసీసాల శాంపిళ్ళు పంచడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. అది వ్యాపారం కోసం పెట్టింది, చుట్టాల కోసం కాదు, అయినా పాలు ఇంకా కుదురుకోని తల్లి చేతిలో సీసా పెడితే "నీకు పాలు చాలవులే" అన్నట్టే ఉంటుంది.

ప్రాణం మీదికొచ్చే సంగతులు మాత్రం వేరు. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకూడదు, అందులో ఉండే బొటులిజం బీజాలు పసిపేగుల్లో విషం తయారు చేయగలవు. చక్రాల వాకర్‌లో కూర్చోబెట్టిన పిల్లలు మెట్ల మీంచి పడుతున్నారనే కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధించారు. ఇలాంటివి కనపడితే మొహమాటపడకండి, తల్లిని పక్కకి పిలిచి, నలుగురిలో కాకుండా, నోటితో ఒక్కసారి చెప్పండి. డైపరా గుడ్డా అన్నది ఆ కోవలోది కాదు, అది వాళ్ళ వీలు.

ఇక పర్లాకిమిడి. మీవారు ఆ అమ్మాయికి మేనమామ, కాబట్టి బట్టలు, పాపకి వెండి మొలతాడు మీవైపు నుంచి ఎలాగూ పెడతారు. దాంతోపాటు ఏం కావాలో ఫోన్ చేసి ఆ అమ్మాయినే అడగండి, ఆడపడుచుని కాదు. "ఏం తేను?" అంటే "ఏమొద్దత్తా" అంటుంది, అందుకని "గుడ్డలా, డైపర్లా, పక్క బట్టలా, నీకు శొంఠి పొడి, వెల్లుల్లి కారం కొట్టి తేనా?" అని పేర్లు పెట్టి అడగండి. డైపర్లంటే డైపర్లే కొనండి, ఆమె వాడే సైజు కనుక్కుని. పాపని కట్టుకునే గుడ్డ గురించి ఒక్క మాట అనొచ్చు, "కొండ ఊళ్ళ నుంచి సంతకొచ్చే అమ్మలు కట్టుకుంటారే, అలాంటిది నా దగ్గరుంది, కావాలంటే చెప్పు" అని. ఊఁ కొట్టి ఊరుకుంటే వదిలేయండి. ఏమీ తేలకపోతే కవర్లో వెయ్యిన్నూటపదహార్లు పెట్టండి, చిన్నతనం కాదు.

బరంపురం మరదలి దగ్గర లంగోటాల ఊసెత్తకండి. నూలు గుడ్డ నీళ్ళు బాగా పీలుస్తుంది, చేతికి అందింది, తుడుచుకుంది, మిమ్మల్ని అవమానించాలని కాదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆమె తలంటుకుని వచ్చేదాకా బాబుని మీరెత్తుకోండి, మధ్యలో తడిపితే వాళ్ళింట్లో ఏదుంటే అదే వేయండి.